ఆ వార్తకు మన జవాబేమిటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

క్రిస్మస్ సందర్భంగా మీ పత్రికలో వేసిన ప్రత్యేక పేజీ చదివాను. ప్రేమ, శాంతి, క్షమాగుణం, ఉన్నదాంట్లో నలుగురికీ పెట్టడం, ఇదే క్రిస్మస్ సందేశమని రాశారు. అభిమానంతో రాశారని చదువుతుంటేనే తెలుస్తోంది, అందుకు సంతోషం. అయితే పేజీ పూర్తయ్యాక ఏదో వెలితిగా అనిపించింది. ఆ బిడ్డ ఎందుకు పుట్టాల్సి వచ్చిందో అందులో లేదు. పుట్టాడని విన్నవాళ్లు ఏం చెయ్యాలో కూడా లేదు. మాకు క్రిస్మస్ అంటే ముందు ఈ రెండే. మిగతా మంచి అంతా వీటి వెనకాల వచ్చేది.

నేను నర్సుగా పనిచేసి రిటైరైన మనిషిని. సర్వీసులో చాలా భాగం లేబర్ రూంలోనే గడిచింది. వేదాంత కళాశాలలో చదివినదాన్ని కాను, ప్రసంగాలు చెప్పేదాన్నీ కాను. రోజూ బైబిల్ చదువుకునే మామూలు విశ్వాసిని. కాకపోతే కాన్పులు చేసిన చేతులివి. ఆ అనుభవంతో చదివినప్పుడు క్రీస్తు పుట్టుక నాకెలా కనిపిస్తుందో మీ పాఠకులతో చెప్పుకోవాలనిపించింది. వేరే నమ్మకాలున్నవాళ్లు నొచ్చుకోవాలని కాదు. మా పండుగలో అసలు సంగతి ఏమిటో మేమే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

బైబిల్లో క్రీస్తు పుట్టుకను వివరంగా రాసినవాళ్లు ఇద్దరు, మత్తయి, లూకా. మార్కు సువార్త ఆయన పెద్దవాడయ్యాక బాప్తిస్మం తీసుకునే దగ్గర మొదలవుతుంది. యోహాను ఇంకా వెనక్కి, సృష్టికి ముందటి కాలానికి వెళ్లి మొదలుపెడతాడు. తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు లూకాను 'ప్రియుడైన వైద్యుడు' అని పిలుస్తాడు. అందుకేనేమో లూకా రాసింది చదువుతుంటే ఆసుపత్రి పని తెలిసిన మనిషి రాసినట్టే ఉంటుంది నాకు. కళ్లారా చూసినవాళ్లు చెప్పినదాన్ని మొదటి నుంచీ తరచి చూసి వరసగా రాస్తున్నానని ఆయనే ముందు చెప్పుకుంటాడు. యేసు తల్లి మరియ దగ్గరికి దూత వచ్చేనాటికి ఆమె బంధువు ఎలీసబెతుకు ఆరో నెల అంటాడు. మరియ ఎలీసబెతు దగ్గర ఇంచుమించు మూడు నెలలు ఉండి ఇంటికి వెళ్లిందంటాడు. ఇలాంటి నెలల లెక్క మాకు బాగా తెలిసిన లెక్క.

ఆయన రాసినదాంట్లో రెండో అధ్యాయం ఏడో వచనం దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. 'తన తొలిచూలు కుమారుని కని, పొత్తిగుడ్డలతో చుట్టి, సత్రములో వారికి స్థలము లేనందున ఆయనను పశువుల తొట్టిలో పరుండబెట్టెను.' ఎవరు కన్నారు? మరియ. గుడ్డల్లో చుట్టింది ఎవరు? మరియే. పడుకోబెట్టింది కూడా ఆమే. మంత్రసాని ఉన్నట్టు లూకా రాయలేదు. తల్లి గానీ, అత్త గానీ, పక్కన ఇంకో ఆడమనిషి ఉన్నట్టు గానీ రాయలేదు. తొలికాన్పు. పైగా జనాభా లెక్కలు రాయించాలని రోమా చక్రవర్తి ఔగుస్తు ఇచ్చిన ఆజ్ఞ వల్ల నజరేతు నుంచి బేత్లెహేము దాకా, వంద కిలోమీటర్లకు పైబడిన దారి వచ్చి ఉంది. కాన్పు అయిన కాసేపటికి చాలామంది తల్లులకు ఒళ్లంతా వణుకు వస్తుంది. పళ్లు కటకట కొట్టుకుంటాయి, దుప్పటి కప్పినా ఆగదు. ఆ స్థితిలో తన బిడ్డను తానే చుట్టుకుని పడుకోబెట్టిన ఆ పిల్లను తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

అప్పుడే పుట్టిన బిడ్డ ఎలా ఉంటుందో చాలామంది చూసి ఉండరు. మన చేతికి ఇచ్చేసరికి శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి ఇస్తారు కదా. పుట్టిన క్షణంలో బిడ్డ తడి తడిగా, జిగటగా ఉంటుంది. చర్మం మీద వెన్న రాసినట్టు తెల్లటి పూత ఉంటుంది, అక్కడక్కడా తల్లి రక్తం అంటి ఉంటుంది. తుడవకుండా వదిలేస్తే నిమిషాల్లో ఒళ్లు చల్లబడిపోతుంది. అందుకే ముందు పొడిగుడ్డతో తుడిచి తల్లి గుండెల మీద పెట్టి కప్పుతాం. మెడ నిలవదు, తల కింద చెయ్యి పెట్టకపోతే వెనక్కి వాలిపోతుంది. చూపు ఒక అడుగు దూరం మించి ఆనదు. అంటే పాలు తాగేటప్పుడు తల్లి ముఖం కనిపించేటంత దూరమే. ఆకలేస్తే ఏడవడం తప్ప ఏమీ చేతకాదు.

సృష్టికర్త అయిన దేవుడు అలా వచ్చాడని మేము నమ్ముతాం.

ఈ మాటను తేలిగ్గా చదివి వెళ్లిపోవద్దని నా మనవి. దేవుడు ఒక మంచి మనిషిని పంపాడని చెప్పి ఊరుకుంటే ఎవరికీ పేచీ ఉండదు. దేవుడు మనిషిలా పైకి కనిపించి వెళ్లాడన్నా చాలామంది ఒప్పుకుంటారు. క్రైస్తవ విశ్వాసం ఈ రెండిటి దగ్గరా ఆగదు. 'ఆ వాక్యము శరీరధారియై, కృపాసత్యసంపూర్ణుడుగా మనమధ్య నివసించెను' అని యోహాను రాశాడు. ఆ వాక్యమంటే క్రీస్తే. నిజమైన ఒళ్లు, నిజమైన ఆకలి, నిజమైన నెత్తురు. బొడ్డుతాడుతో తల్లిని అంటిపెట్టుకుని తొమ్మిది నెలలు పెరిగిన దేవుడు.

దీని మీద సంఘంలోనే పెద్ద గొడవ జరిగింది. అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే బోధకుడు, కుమారుడు కూడా దేవుడు సృష్టించినవాడే, అందరికంటే గొప్పవాడు అంతే అన్నాడు. 325లో నైసియా పట్టణంలో బిషప్పులు సమావేశమై, కాదు, కుమారుడు తండ్రితో ఒకే స్వభావం గలవాడు, మన కోసం, మన రక్షణ కోసం దిగివచ్చినవాడు అని తేల్చిచెప్పారు. తర్వాత 451లో చాల్సెడాన్ పట్టణంలో జరిగిన సభలో ఆయన సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని మళ్లీ స్పష్టం చేశారు. పాతకాలపు పండితుల వాదన మనకెందుకు అనుకుంటారేమో. నాకు మాత్రం ఇది ప్రాణంతో సమానమైన సంగతి. వచ్చినవాడు దేవుడు కాకపోతే, దేవుడు మాత్రం రాకుండా తన బదులు ఎవరినో పంపి ఊరుకున్నాడని అర్థం. వచ్చినవాడు నిజంగా మనిషి కాకపోతే మన నొప్పి ఆయనను తాకనే లేదు. నాలుగో శతాబ్దంలోనే నజియాంజుకు చెందిన గ్రెగరీ అనే బిషప్పు ఒక ఉత్తరంలో, క్రీస్తు మనలో దేన్నైతే తన మీదికి తీసుకోలేదో అది బాగుపడకుండానే మిగిలిపోతుందని రాశాడు. జబ్బుల మధ్య బతికినదాన్ని కాబట్టి ఆ మాట నా మనసుకు పట్టేసింది.

ఇక ఎందుకు వచ్చాడన్న ప్రశ్న.

యేసు మంచి బోధకుడని, ఆయన చెప్పిన నీతులు అందరికీ పనికొస్తాయని తరచూ వింటుంటాం. నిజమే, ఆయన బోధ లాంటి బోధ లేదు. కానీ ఆ రాత్రి దూత గొర్రెల కాపరులకు చెప్పింది వేరు. 'దావీదు పట్టణమందు నేడు రక్షకుడు మీ కొరకు పుట్టియున్నాడు, ఈయన ప్రభువైన క్రీస్తు.' అంతకుముందు కలలో మరియకు కాబోయే భర్త యోసేపుతో కూడా ఇదే సంగతి: 'తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును.' అప్పుడు ఆ దేశం రోమా చేతుల్లో ఉంది. రోమా కింద రాజుగా ఉన్న హేరోదు పాలనలో జనం నలుగుతున్నారు. వాళ్ల నుంచి విడిపిస్తాడని చెప్పి ఉంటే యోసేపుకు వెంటనే అర్థమయ్యేది. దేవుడు మాత్రం అన్నిటికంటే లోతుగా ఉన్న రోగం పేరు చెప్పాడు.

పాపం అనే మాట ఇప్పుడు ఎవరికీ రుచించదు. హత్య, దొంగతనం లాంటివి చేసినవాళ్లకు వర్తించేది, మనకెందుకు అనుకుంటాం. కానీ ఎవరూ లేనప్పుడు మన మనసును మనమే చూసుకుంటే తెలుస్తుంది. ఏళ్ల తరబడి తోడబుట్టినవాళ్లతో మాట్లాడకుండా బిగుసుకుపోయే మనసు. ఎదుటివాళ్ల బిడ్డ పైకొస్తే లోపల ఎక్కడో చివుక్కుమనే మనసు. తప్పని తెలిసి, మానేస్తానని ఒట్టు పెట్టుకుని, మళ్లీ అదే చేసే మనసు. దేవుడు ఉన్నాడని ఒప్పుకుంటూనే ఆయన అవసరం లేనట్టు రోజంతా గడిపేసే మనసు. మేలు చెయ్యాలనే కోరిక నాలో ఉంది గానీ చెయ్యడమే చేతకావడం లేదని పౌలు అంతటివాడు బాధపడ్డాడు. మంచి ఏదో తెలియక చెడిపోయినవాళ్లు తక్కువ. తెలిసీ చెయ్యలేక చెడినవాళ్లమే ఎక్కువ. అలాంటివాళ్లకు ఇంకో నీతిపాఠం చెబితే ఏం ఉపయోగం?

కాన్పులో బిడ్డ అడ్డం తిరిగిందనుకోండి. గదిలో ఉన్నవాళ్లంతా ఎన్ని సలహాలు చెప్పినా, ఎంత ధైర్యం చెప్పినా ఆ బిడ్డ తనంతట తాను బయటికి రాదు. తెలిసిన చెయ్యి ఒకటి లోపలికి వెళ్లాల్సిందే. ఆ చేతికి నెత్తురు అంటకుండా ఆ పని జరగదు. దేవుడు శరీరధారి కావడం గురించి నాకు ఇంతకంటే బాగా చెప్పడం రాదు.

ఆయనకు అంటిన నెత్తురు ఆయనదే. 'పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకును, అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా తన ప్రాణము ఇచ్చుటకును' వచ్చానని ప్రభువే చెప్పాడు. బిడ్డ పుట్టి నలభై రోజులు కాగానే యెరూషలేము దేవాలయానికి తీసుకొస్తే, సుమెయోను అనే ముసలి భక్తుడు ఆయనను చేతుల్లోకి తీసుకుని దేవుణ్ణి స్తుతించాడు. ఆ నోటితోనే తల్లితో, నీ హృదయంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుందని చెప్పాడు. బాలింతతో అనాల్సిన మాటేనా అది? కానీ సుమెయోను సిలువను దాచలేదు. తొట్టిని సిలువ నుంచి వేరు చేసి చూస్తే మనకు ముద్దొచ్చే బిడ్డ ఒకడు మిగులుతాడు గానీ రక్షకుడు మిగలడు. మూడో రోజున ఆయన సమాధిలోంచి లేచాడు కాబట్టే అసలు ఆయన పుట్టిన సంగతిని ఎవరైనా అపురూపంగా దాచుకుని రాశారు.

దేవాలయంలో ఇంకో సంగతి కూడా ఉంది. మగబిడ్డను కన్న తల్లి నలభై రోజులకు ఏడాది గొర్రెపిల్లను అర్పణగా తేవాలి. అంత తాహతు లేకపోతే రెండు గువ్వలు గానీ, రెండు పావురపు పిల్లలు గానీ తెస్తే చాలని లేవీయకాండం పన్నెండో అధ్యాయం వెసులుబాటు ఇచ్చింది. మరియ, యోసేపు అర్పించింది ఆ పక్షుల జతనే. దేవుడు తన కుమారుణ్ణి గొర్రెపిల్లను కొనలేని ఇంట్లో పెట్టాడు. 'ఆయన ధనవంతుడైయుండియు, మీరు తన దారిద్ర్యమువలన ధనవంతులు కావలెనని, మీ నిమిత్తము దరిద్రుడాయెను' అని పౌలు రాసింది ఊరికే అలంకారానికి కాదు. ఆ పూట అర్పణలోనే అది కనిపిస్తుంది.

డిసెంబర్ 25నే పుట్టాడా అని కొందరు నిలదీస్తారు. బైబిల్లో తేదీ లేదు, మేమూ ఉందని అనం. ఆ తేదీన రోమ్‌లో పండుగ చేసుకున్నట్టు నాలుగో శతాబ్దపు లెక్కల్లో ఉంది. అర్మేనియా సంఘం జనవరి 6న చేసుకుంటుంది. ప్రభువు పుట్టినప్పుడు రాజుగా ఉన్న హేరోదు క్రీస్తుపూర్వం 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారులు లెక్క కట్టారు కాబట్టి ప్రభువు పుట్టింది అంతకు ముందే అయి ఉంటుంది. బిడ్డను చూడ్డానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ముగ్గురని కూడా మత్తయి చెప్పలేదు, కానుకలు మూడు అన్నాడు. ఈ సంగతులు తెలుసుకోవడం మంచిదే, నా విశ్వాసానికి వీటితో ఏ ఇబ్బందీ లేదు. తేదీ తెలియనంత మాత్రాన బిడ్డ పుట్టకుండా పోడు.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే ఉంది. అది మత్తయి రెండో అధ్యాయంలో ఉంది. తూర్పు దేశపు జ్ఞానులు యెరూషలేము వచ్చి, యూదుల రాజుగా పుట్టినవాడు ఎక్కడ అని అడిగారు. హేరోదు కంగారుపడి దేవాలయపు ప్రధానయాజకుల్ని, లేఖనాలు బోధించే శాస్త్రుల్ని పిలిపించాడు. క్రీస్తు ఎక్కడ పుట్టాలి అంటే వాళ్లు తడుముకోకుండా బేత్లెహేములో అన్నారు. మీకా ప్రవక్త దాదాపు ఏడు వందల ఏళ్ల ముందు రాసిన మాట వాళ్ల నాలుక చివరే ఉంది. జవాబు సరైనదే. బేత్లెహేము అక్కడికి పది కిలోమీటర్ల లోపే. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ముందే చేరుకోవచ్చు. ఎంతో దూరం నుంచి పరాయివాళ్లు వచ్చి ఆ బిడ్డ కోసం దారి అడుగుతుంటే, వాక్యం కంఠతా వచ్చిన ఈ పెద్దలు వాళ్ల వెంట వెళ్లినట్టు మత్తయి ఒక్క మాట కూడా రాయలేదు. హేరోదు కోపం నాకు అర్థమవుతుంది, తన సింహాసనం పోతుందని భయపడ్డాడు. కనీసం అతను ఆ వార్తను నిజమని నమ్మి భయపడ్డాడు. శాస్త్రులకు భయమూ లేదు, సంతోషమూ లేదు. మీకా మాట చెప్పేసి వాళ్ల పనిలో వాళ్లు పడ్డారు.

మాలాంటి క్రైస్తవ కుటుంబాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఇది పెద్ద హెచ్చరిక. చిన్నప్పటి నుంచీ వచనాలన్నీ వస్తాయి, పాటలన్నీ వస్తాయి. నా కోసమే ఆయన పుట్టాడని మాత్రం ఒక్కరోజూ మోకరించి ఒప్పుకోకుండా జీవితం గడిచిపోవచ్చు. దూత 'మీ కొరకు' అన్నాడు కదా. ఆ 'మీ'లో నేనున్నానని తీసుకోవడమే విశ్వాసం. తెలిసి ఉండడం వేరు, తీసుకోవడం వేరు.

తీసుకున్నవాళ్లు ఎవరో చూడండి. మరియను తీసుకుంటే, పెళ్లి నిశ్చయమైన పిల్ల. ఇది ఎలా జరుగుతుందని అడిగింది, అడగడం తప్పు కాలేదు. జవాబు విన్నాక 'ఇదిగో ప్రభువు దాసురాలను. నీ మాట చొప్పున నాకు జరుగును గాక' అంది. ఆ మాట అన్నాక తనకేం జరగవచ్చో ఆమెకు తెలియదనుకోకండి. నిశ్చితార్థమైన పిల్ల గర్భవతి అయితే ఆ కాలంలో పరువు పోవడంతో ఆగదు, ప్రాణానికే ముప్పు. లేబర్ రూంకు ఒంటరిగా వచ్చే పిల్లల్ని చూశాను నేను. తండ్రి పేరు అడగ్గానే తల తిప్పుకుని గోడవైపు చూస్తారు. బయట నిల్చున్న బంధువులు గొంతు తగ్గించి ఏం మాట్లాడుకుంటారో వాళ్లకు తెలుసు. మరియ సరేనన్నది అలాంటి చూపులకు కూడా సరేనని.

యోసేపు మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. నాలుగు సువార్తల్లోనూ ఆయన మాట్లాడిన మాట ఒక్కటి కూడా లేదు. రహస్యంగా విడిచిపెడదామనుకున్న మనిషి, కలలో దేవుని మాట విన్నాక నిద్ర లేచి మరియను చేర్చుకున్నాడు. మళ్లీ కల వస్తే రాత్రికి రాత్రే తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు బయల్దేరాడు. లేవడం, చెయ్యడం. తన విశ్వాసాన్ని మాటల్లో పెట్టే తీరిక ఆయనకు దొరికినట్టు లేదు. గొర్రెల కాపరులు కూడా అంతే, మనము బేత్లెహేము వరకు వెళ్లి చూద్దాం రండి అనుకుని త్వరగా వెళ్లారు. చూశారు, నలుగురికీ చెప్పారు, దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వెళ్లారు. వాళ్ల పని మారలేదు, మళ్లీ అవే గొర్రెలు, అవే చలిరాత్రులు.

ఇక్కడ ఒక విషయం రాయకుండా ఉండలేను. ఒక క్రిస్మస్ రాత్రి నా డ్యూటీలో ఒక తల్లికి బిడ్డ చనిపోయి పుట్టింది. నెలలు నిండిన బిడ్డ. తుడిచి, చుట్టి, ఆమె అడిగితే చేతుల్లో పెట్టాను. చాలాసేపు చూసి, "సిస్టర్, మీ దేవుడు ఇవాళే పుట్టాడంటారు కదా, నా బిడ్డ ఎందుకు ఇలా పుట్టింది?" అంది. నేనేమీ చెప్పలేదు. ఆ పక్కనే కూర్చున్నాను, ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ ప్రశ్నకు వాక్యాలు చెప్పే స్థలం కాదది. కానీ ఆ తర్వాత మత్తయి రెండో అధ్యాయం చదివినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది. బేత్లెహేములో రెండేళ్ల లోపు మగపిల్లల్ని హేరోదు చంపించాడు. ఇశ్రాయేలీయుల పూర్వమాత రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ, వాళ్లు లేరు కాబట్టి ఓదార్పు పొందనొల్లక ఉందని మత్తయి అక్కడే యిర్మీయా ప్రవక్త మాట గుర్తుచేస్తాడు. క్రిస్మస్ కథలోనే ఆ ఏడుపు ఉంది. మత్తయి దాన్ని తీసెయ్యలేదు, దానికి తొందరపడి ఒక సమాధానమూ అతికించలేదు. ఆ ఏడుపు ఉన్న లోకంలోకే దేవుడు పుట్టాడు. ఆ రోజు తప్పించుకున్న బిడ్డ ముప్పై ఏళ్లు దాటాక తన వంతు తాను తప్పించుకోకుండా సిలువ దాకా నడిచాడు, ఆయన తల్లి ఆ సిలువ దగ్గరే నిలబడి చూసింది. దుఃఖంలో ఉన్నవాళ్లకు క్రిస్మస్ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొదట అది వాళ్లదే.

విశ్వాసం అంటే సందేహాలే రాకపోవడమని కొందరు భయపడి వెనక్కి తగ్గుతారు. తన కొడుకు బాగుపడాలని ప్రభువు దగ్గరికి వచ్చిన ఒక తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేటట్టు సాయం చెయ్యి అని కేక వేశాడు. ప్రభువు ఆ సగం నమ్మకాన్ని తోసెయ్యలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. పూర్తిగా సిద్ధమయ్యాకే వస్తానంటే ఎవరం రాలేం. కాపరులు స్నానాలు చేసి వెళ్లలేదు. బిడ్డను ఎత్తుకోవడానికి అర్హత పత్రం ఎవరూ అడగరు. చేతులు చాస్తే చాలు. 'తన్ను ఎందరంగీకరించిరో వారికందరికి, అనగా తన నామమునందు విశ్వాసముంచినవారికి, దేవుని పిల్లలగుటకు ఆయన అధికారము అనుగ్రహించెను' అని యోహాను రాశాడు. దేవుడు మనిషి బిడ్డగా వచ్చింది మనుషుల్ని తన బిడ్డలుగా చేసుకోవడానికన్నమాట. ఇది కులాన్ని బట్టి, పుట్టిన ఇంటిని బట్టి, చేసిన మంచిని బట్టి వచ్చేది కాదు. పుట్టు క్రైస్తవులమని చెప్పుకునే మాకూ ఇందులో మినహాయింపు లేదు.

ఆయన్ని చేర్చుకున్నాక బతుకు అలాగే ఉండిపోతే మాత్రం ఎక్కడో తేడా ఉన్నట్టే. మీ పేజీలో రాసిన ప్రేమ, క్షమ, పేదలకు పెట్టడం, అవన్నీ రావాల్సిందే. 'మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి మీరు చేసితిరి గనుక నాకు చేసితిరి' అన్నది ఆయనే కదా. కానీ అవి మన గొప్పతనంగా మొదలైతే రెండు రోజుల్లో అలసిపోతాం. నాకు తెలిసినంతవరకు, క్షమాపణ పొందినవాళ్లకే క్షమించడం చేతనవుతుంది. బంధువుల ఇంట ఒకరితో చాలాకాలం మాటలు లేకుండా ఉన్న నా స్నేహితురాలు, దేవుడు నన్నే క్షమించాక నేనెవరిని అని తనే ఫోన్ చేసి మాట కలిపింది. అవతలివాళ్లు అంత ఆప్యాయంగా మాట్లాడలేదు. అయినా మర్నాడు మళ్లీ చేసింది.

మీ పాఠకుల్లో, ఇదంతా విని, నిజమేనేమో అనిపించి, తర్వాత ఏం చెయ్యాలో తెలియనివాళ్లు ఉండవచ్చు. వాళ్లకు పెద్ద పెద్ద మాటలేమీ అక్కర్లేదు. లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాలు ఒకేసారి కూర్చుని చదవండి. అరగంట పట్టదు. ఆ తర్వాత మిగతాది కూడా చదవండి, ఎందుకంటే ఆ బిడ్డ ఎవరో పూర్తిగా తెలిసేది చివరికి వెళ్లాకే. చదువుతూ చదువుతూ మీకు వచ్చిన మాటల్లోనే అడగండి: "దేవా, నువ్వు ఇలా నా కోసం వచ్చావంటున్నారు. నిజమైతే నాకు తెలియజెయ్యి. నా పాపాలు క్షమించు. నన్ను నీ బిడ్డగా చేర్చుకో." ఇంతకంటే బాగా ప్రార్థన చెయ్యడం నాకూ రాదు, నేనూ ఇంతే చేశాను. మీకు తెలిసిన విశ్వాసులు ఉంటే మొహమాటపడకుండా ప్రశ్నలు వెయ్యండి. ప్రశ్నలు అడిగితే కోప్పడే దేవుడైతే మరియకు ఆ రోజే చీవాట్లు పడేవి.

ఎడిటర్ గారూ, చివరగా మీకు ఒక విన్నపం. వచ్చే ఏడాది ప్రత్యేక పేజీ వేసేటప్పుడు లూకా రెండో అధ్యాయం మొదటి ఇరవై వచనాలు ఉన్నవి ఉన్నట్టుగా అచ్చు వెయ్యండి. ఒక కాలమ్‌లో పట్టేస్తాయి. కింద ఎవరి వివరణా అవసరం లేదు, ఈ ఉత్తరంలో నేను రాసినవి కూడా అక్కర్లేదు. మీ పాఠకులు స్వయంగా చదువుకుని తమకు తాముగా తేల్చుకుంటారు. ఈ ఉత్తరం మరీ పొడుగనిపిస్తే మీ వీలును బట్టి కుదించుకోండి గానీ, దూత చెప్పిన మాట ఉన్న చోటు మాత్రం ముట్టుకోకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు